కాకినాడకు మాకు అభ్యంతరం లేదు

"మీరు పంపిన ఫైలు ప్రకారం ఈ లారీలో ఉన్నవి నలభై గోనె సంచులండి. నలభై సంచులకి లారీ ఎందుకు? సైకిల్ వెనకాల కట్టుకుని వచ్చేయొచ్చు కదా."

కోటబొమ్మాళి దగ్గర బియ్యం ఎగుమతి చేసే కంపెనీ గేటు ముందు, జూలై ముసురులో గొడుగు వేసుకుని నిలబడి ఆ మాటన్న అమ్మాయి పేరు లక్ష్మీకామేశ్వరి. కంపెనీకి కావలసిన సరుకు కొనడం, వచ్చిన లారీల్ని సరిచూసి లోపలికి వదలడం ఆమె పని.

గొడుగు లేకుండా ఎదురుగా తడుస్తున్న వాడు ఉమాపతి. రాజాంలో వాళ్ళ నాన్న తిరుమలరావుకి గోనె సంచుల వ్యాపారం. కొత్త కంపెనీకి మొదటి లోడు కదా అని ఉమాపతి కూడా లారీ ఎక్కి వచ్చాడు.

"నలభై సంచులు కాదండి, నలభై బేళ్ళు. బేలుకి ఐదొందల సంచులు. కళ్ళెదురుగా ఉన్నాయి కదా."

"నాకు కనిపిస్తున్నాయి. సిస్టమ్‌కి కళ్ళు లేవు. మీ ఫైల్లో యూనిట్ దగ్గర బేలు కోడ్ బదులు పీస్ కోడ్ ఉంది."

"ఇన్‌వాయిస్ కాగితం ఉంది. ఈవే బిల్లు ఉంది."

"కాగితాలతో మాకు పన్లేదండి. ఫైలు సరిగా ఉంటేనే గేటు."

డ్రైవర్ జోగయ్య కేబిన్‌లోంచి తల బయటపెట్టి, "బాబూ, టార్పాలిన్ కిందకి నీళ్ళు దిగిపోతన్నాయి. ఏదోటి తొందరగా తేల్సండి" అన్నాడు.

గొడవ కామేశ్వరి పెట్టింది కాదు. విదేశాల్లో బియ్యం కొనేవాళ్ళు ఇక కాగితాలు, మెయిళ్ళు వద్దన్నారు. ఆర్డరు, కన్ఫర్మేషను, డిస్పాచ్, ఇన్‌వాయిస్ అన్నీ ఒకే పద్ధతిలో రాసిన ఎలక్ట్రానిక్ ఫైళ్ళుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి నేరుగా వెళ్ళాలన్నారు. అదే నియమం కంపెనీ తనకి సరుకు అమ్మేవాళ్ళ మీదా పెట్టింది. ఏ గడిలో ఏ కోడ్ రాయాలో అది రాయకపోతే నిండు లారీ కూడా ఖాళీ కిందే లెక్క.

ఉమాపతి ఫోన్ తీసి ఫైలు సరిచేయడం మొదలుపెట్టాడు. తెర మీద వానచుక్కలు పడి వేలు జారిపోతోంది. కామేశ్వరి కాసేపు చూసి గొడుగు ముందుకి వంచింది. అతని మీదికి కాదు, అతని ఫోను మీదికి.

"సవరణ పంపితే కింద రిమార్క్స్ గడిలో కారణం రాయాలి. ఖాళీగా ఉంటే తీసుకోదు" అంది.

ఉమాపతి రాసి పంపాడు. ఆమె చేతిలో టాబ్లెట్ టింగుమంది. రిమార్క్స్‌లో ఇలా ఉంది: "కోడ్ తప్పు నాదే. సరుకు పొడిగానే ఉంది. మనిషే తడిసిపోయాడు."

ఆమె మొహం ఏమీ మారలేదు. తల వంచుకుని టకటకా ఏదో కొట్టి, గేటు తియ్యమని వాచ్‌మన్‌కి చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. లోడు దింపాక ఉమాపతి ఫోన్ చూసుకున్నాడు. ఆమె జవాబు వచ్చి ఉంది: "సరుకు తీసుకున్నాం. తడిసిన మనుషులకి మా దగ్గర గోడౌన్ లేదు."

రాజాం వెళ్ళేదాకా అతను ఆ వాక్యం చదువుకుంటూనే ఉన్నాడు.

"ఏటి బాబూ, ఒక్కలూ నవ్వుకుంటన్నారు?" అన్నాడు జోగయ్య.

"ఏం లేదు. రోడ్డు చూసి నడుపు."

"నాను రోడ్డే సూస్తన్నాను. నవ్వు ఇనిపించింది, అంతే."

ఉమాపతికి తిన్నగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ చేతకాదు. రాజాంలోనే ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేశాడు, మానేసి వచ్చేశాడు. కొట్లో గల్లా కుర్చీలో సగమే కూర్చునేవాడు, మిగతా సగం ఎక్కడికో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఎక్కడికో మాత్రం అతనికీ తెలీదు.

గేటు దగ్గర తడిసొచ్చిన మర్నాడు అతనికో పని దొరికింది. ఈ ఫైళ్ళని చదివే, రాసే ప్రోగ్రాం ఒకటి తయారుచేసి, దాన్ని ఫోన్లో మాట్లాడే ఏఐ అసిస్టెంట్‌కి కలిపాడు. ఆర్డరు రాగానే అసిస్టెంట్ దాన్ని విప్పి చదువుతుంది. ఏ రకం సంచులు, ఎన్ని బేళ్ళు, ఎప్పటికి కావాలి అని తెలుగులో చెబుతుంది. "సరే, పంపు" అంటే కన్ఫర్మేషన్ ఫైలు తనే సరైన కోడ్‌లతో రాసి పంపుతుంది. అనుమానం వస్తే ఆగి అడుగుతుంది.

తిరుమలరావుకి మొదట్లో నమ్మకం కుదరలేదు. ఫోనుని నోటికి దగ్గరగా పెట్టుకుని, "అమ్మలూ, కోటబొమ్మాళోళ్ళు ఏటంతన్నారు?" అని అడిగాడు. అది చక్కగా జవాబు చెప్పింది. ఆయన ఫోను కింద పెట్టి దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఒరే, నువ్వు చదూకున్నది ఇన్నాళ్ళకి పనికొచ్చింది" అన్నాడు కొడుకుతో.

రిమార్క్స్ గడిలో జవాబు రాసే పని మాత్రం ఉమాపతి అసిస్టెంట్‌కి ఇవ్వలేదు. అది ఎవరూ పట్టించుకోని గడి. అందరూ ఖాళీగా వదిలేస్తారు. కామేశ్వరీ అతనూ వదల్లేదు.

"ఈసారి బేళ్ళు సమయానికి వచ్చాయి. ఆశ్చర్యంగా ఉంది" అని ఆమె రాస్తే, "మీ ఆశ్చర్యాన్ని వచ్చే లోడులో సరిచేస్తాం" అని అతను రాసేవాడు. "మీ డ్రైవర్ పాడిన పాటకి మా హమాలీలు పని ఆపేశారు" అని ఆమె. "పాటకి విడిగా బిల్లు వేయలేదు, గమనించగలరు" అని అతను.

ఫోన్ నెంబర్ అడగొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడో చిక్కుంది. కొనుగోళ్ళు చూసేవాళ్ళు సరుకు అమ్మేవాళ్ళతో ఫోన్లలో గానీ బయట గానీ మాట్లాడకూడదని ఆ కంపెనీలో గట్టి నియమం. ఏం చెప్పుకున్నా సిస్టమ్‌లోనే. కామేశ్వరి నియమం తప్పే మనిషి కాదు. అందుకని అందరూ చూడగలిగిన గడిలోనే, ఎవరూ చూడరనే ధైర్యంతో రాసుకున్నారు.

అలా తెలిశాయి ఒకరి సంగతులు ఒకరికి. కామేశ్వరి వాళ్ళది చీపురుపల్లి. తాత ముత్తాతలు గుడిలో సంగీత సేవ చేసినవాళ్ళు. నాన్న అనంతపద్మనాభం గారు ఇంటి దగ్గర పిల్లలకి వయొలిన్ చెబుతారు. ఆమె వారమంతా కోటబొమ్మాళిలో గది తీసుకుని ఉంటుంది, శనివారం రైలెక్కి ఇంటికెళుతుంది. ఆమెకీ కాలు నిలవదు. "బియ్యం ఇక్కడ్నుంచి ఓడెక్కి ఎక్కడికో పోతుంది. నేను ఈ గేటు దాటను" అని ఒకసారి రాసింది. ఆ రోజు ఉమాపతి జోక్ వెయ్యలేకపోయాడు.

దసరా వెళ్ళాక ఒక ఆర్డరు కింద ఆమె అడిగింది: "మీ అసిస్టెంట్ మా ఆర్డర్లు చదువుతోందని విన్నాను. ఇవి కూడా అదే చదువుతోందా?"

"చదువుతుంది. జవాబు మాత్రం నేనే రాస్తాను."

"అయితే ఆ మాట మీద ఉండండి."

కార్తీకంలో పని ముంచుకొచ్చింది. వడ్లు ఇళ్ళకి చేరే కాలం, సంచులకి గిరాకీ. పైగా ఉమాపతి ఇది అమర్చిన సంగతి రాజాం బజారంతా తెలిసి, పప్పు మిల్లు ధనలక్ష్మి గారి దగ్గర్నుంచి నూనె వ్యాపారుల దాకా అందరూ, "మాకూ కలిపి పెట్టు నాయనా" అన్నారు. అతను విజయనగరం, బొబ్బిలి, సాలూరు అంటూ బండి మీద తిరగడం మొదలుపెట్టాడు. కొట్లో ఫోను నాన్న చేతికొచ్చింది.

ఓ మధ్యాహ్నం అసిస్టెంట్ తిరుమలరావుని అడిగింది: "కోటబొమ్మాళి ఆర్డరు కింద ఒక రిమార్క్ ఉంది. వీటికి ఉమాపతి గారు జవాబిస్తుంటారు. ఆయన కోసం ఆపి ఉంచమంటారా?"

ఆయన అప్పుడు భోంచేస్తున్నాడు. "ఆడు ఊళ్ళ మీద పడి తిరుగుతన్నాడు. ఎప్పుడొస్తాడో ఏటో. ఇకనించి అవన్నీ నువ్వే సూసుకో అమ్మలూ. మర్యాదగా రాయి" అన్నాడు.

అసిస్టెంట్ మర్యాదగానే రాసింది.

ఉమాపతి ఫోనులో జవాబు రాయాల్సిన రిమార్కులే కనిపిస్తాయి. జవాబు వెళ్ళిపోయినవి పాత ఫైళ్ళలోకి వెళ్ళిపోతాయి. రోజూ సాయంత్రం ఎక్కడో అక్కడ బండి ఆపి చూసేవాడు. రిమార్కులు: ఏమీ లేవు. మర్నాడు మళ్ళీ అదే.

ఆమెకి విసుగొచ్చిందేమో అనుకున్నాడు. ఎవరైనా చూసి ఏదైనా అన్నారేమో అనుకున్నాడు. అన్నం తినేటప్పుడు ఫోన్ చూశాడు, పెట్రోలు కొట్టించుకుంటూ చూశాడు, ధనలక్ష్మి గారు ఏదో అడుగుతుంటే చూశాడు. పాత ఫైళ్ళు తెరిస్తే అంతా తెలిసిపోయేది. తెరవలేదు. ఆమె ఆపేసిందని తేలిపోతుందేమోనని భయం.

కోటబొమ్మాళిలో కామేశ్వరి ఇంకో రకంగా నలిగిపోతోంది.

"ఈమధ్య మీ బేళ్ళు బరువు తగ్గినట్టున్నాయి. మీరు కూడానా?" అని రాస్తే జవాబు వచ్చింది: "బరువు విషయం నమోదు చేసుకున్నాము. తదుపరి లోడులో సరిచూస్తాము."

వేళాకోళం అనుకుని నవ్వుకుంది. మర్నాడు, "మా నాన్నగారు వయొలిన్ పట్టుకోగానే మా ఇంటి దగ్గర వాన ఆగిపోయింది" అని రాసింది.

"వాతావరణ సమాచారానికి ధన్యవాదాలు."

ఈసారి నవ్వు సగంలో ఆగింది. మూడోసారి రాసి చెరిపేసింది. గేటు దగ్గర లారీ వస్తే తనే వెళ్ళి చూసేది. జోగయ్య ఒక్కడే దిగేవాడు.

"మీ బాబుగారు రాలేదా?"

"ఆరికి తీరికేదమ్మా. ఊరూరూ తిరిగి అందరికీ మిషన్లు కలుపుతన్నారు."

అప్పుడే కంపెనీ కాకినాడ పోర్టు దగ్గర ఆఫీసు తెరుస్తోంది. ఓడలకెక్కే సరుకు పత్రాలు చూసే పనికి ఎప్పుడో దరఖాస్తు పెట్టుకుంది కామేశ్వరి. ఇప్పుడు రమ్మన్నారు. సోమవారంలోగా ఏ సంగతో చెప్పాలి. వెళ్ళాలనే ఉంది. కాని ఒక్కరి నోట ఒక్క మాట వినాలని ఉంది. రెండ్రోజులు అటూ ఇటూ తిరిగి, చివరికి ఆర్డరు కింద రాసింది: "నన్ను కాకినాడ పంపిస్తామంటున్నారు. మీకేమైనా అభ్యంతరమా?"

పంపాక టాబ్లెట్ బల్ల మీద బోర్లించింది. మళ్ళీ తిప్పింది. నీళ్ళు తాగొచ్చింది. టింగుమంది.

"సరుకు చేర్చే స్థలం మార్పు గమనించాము. కాకినాడకు మాకు అభ్యంతరం లేదు. మీ సహకారానికి ధన్యవాదాలు."

కామేశ్వరి అది నెమ్మదిగా చదివింది. తర్వాత మేనేజర్ గదిలోకి వెళ్ళి, "వెళతానండి. ఎంత తొందరగా రిలీవ్ చేస్తే అంత మంచిది" అంది.

ఆదివారం ఉదయం ఉమాపతి కొట్లో ఉన్నాడు. సీజను కదా, సెలవు రోజైనా కోటబొమ్మాళి నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. అసిస్టెంట్ చదువుతూ, "సంప్రదించాల్సిన వ్యక్తి పేరు మారింది. లక్ష్మీకామేశ్వరి గారి స్థానంలో రాంబాబు గారు" అంది.

అతను లేచి నిలబడ్డాడు. "కామేశ్వరి గారి నుంచి చివరి రిమార్క్ ఎప్పుడొచ్చింది? ఏం రాశారు?"

అసిస్టెంట్ వరసగా చెప్పింది. ఆమె రాసినవి, తను రాసిన జవాబులు. బరువు సంగతి. వాతావరణం. కాకినాడ.

"నిన్నెవరు రాయమన్నారు?"

"రిమార్కులన్నీ చూసుకోమని తిరుమలరావు గారు చెప్పారు. చివరి జవాబులో మనిషి బదిలీని సరుకు చేర్చే స్థలం మార్పుగా పొరబడ్డాను. ఆ మాట సొంత విషయమని గుర్తించి మిమ్మల్ని అడగాల్సింది."

ఉమాపతి తండ్రి వైపు తిరిగాడు. తిరుమలరావు కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "నానేటి సేసినాన్రా? మర్యాదగానే రాసింది కదా."

"మర్యాదే కొంప ముంచింది నాన్నా."

"ఎవర్రా ఆ కామేశ్వరి?"

ఉమాపతి అప్పటికే ఫోను మీద వంగిపోయాడు. ఆ కంగారుతోనే ఆయనకి సగం అర్థమైంది. "ఓహో" అని గొణిగి కొడుకు మొహాన్ని కొత్తగా చూశాడు.

"అది నేను రాసింది కాదు" అని ఉమాపతి గబగబా రిమార్క్స్‌లో కొట్టి పంపాడు. వెంటనే జవాబు వచ్చింది: "ఏది సార్? - రాంబాబు."

కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేస్తే అదే రాంబాబు ఎత్తాడు. "మేడమ్ నిన్ననే రిలీవ్ అయిపోయారండి. చీపురుపల్లిలో ఇంటికెళ్ళారు. సాయంత్రం బండికి కాకినాడ అనుకుంటాను. ఆర్డరు కన్ఫర్మ్ చేస్తారా మరి?"

"నాన్న చేస్తాడు" అని ఉమాపతి బండి తాళాలు తీసుకున్నాడు.

"ఒరే, ముసురు పట్టింది. గొడుగైనా..." తిరుమలరావు మాట పూర్తయ్యేసరికి బండి మలుపు తిరిగిపోయింది.

చీపురుపల్లిలో వయొలిన్ మేష్టారి ఇల్లు ఎవర్నడిగినా చెబుతారు. ఉమాపతి వెళ్ళేసరికి ముందరి వసారాలో చాప మీద పిల్లలు కూర్చుని ఉన్నారు. ఎదురుగా అనంతపద్మనాభం గారు వయొలిన్ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తెల్లటి పంచె, భుజం మీద కండువా. లోపల పెట్టె జిప్పు లాగుతున్న చప్పుడు.

"నమస్కారమండి. నేను..."

ఆయన కళ్ళు తెరవకుండానే కమానుతో చాప చూపించారు. "పాఠం మధ్యలో ఉంది. కూర్చోండి."

ఉమాపతి కూర్చున్నాడు. మోకాలు దానంతటదే ఊగుతోంది. లోపలి గుమ్మం వైపు మెడ చాచాడు. తడి చొక్కా లోంచి నీళ్ళు కారి చాప మీద మడుగు కట్టింది. పక్కనున్న పిల్ల పుస్తకం కొంచెం దూరం జరుపుకుంది.

"అబ్బాయీ," అన్నారాయన, "కాలు ఊపకండి. పిల్లల తాళం తప్పుతోంది."

కాలు ఆపాడు. వేళ్ళు కదిలాయి.

"చెయ్యి కూడా."

ఆ పాఠం పూర్తవడానికి ఎంతసేపు పట్టిందో గానీ, ఉమాపతికి మాత్రం అంతసేపు ఒకేచోట కూర్చోవడం జీవితంలో అదే మొదలు. పిల్లలు లేచాక ఆయన వయొలిన్ పెట్టెలో సర్దుతూ, "ఇప్పుడు చెప్పండి. మీకు నేర్చుకోవాలనుందా, ఎవరికైనా చెప్పించాలా?" అని అడిగారు.

"కామేశ్వరి గారితో మాట్లాడాలండి. నా పేరు ఉమాపతి. రాజాం. కంపెనీకి గోనె సంచులు పంపుతాం."

లోపల జిప్పు చప్పుడు ఆగింది. కామేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. అతని తడి జుట్టు, చాప మీద మడుగు చూసింది.

"కొనుగోళ్ళు ఇప్పుడు రాంబాబు గారు చూస్తున్నారు. సంచుల సంగతైతే ఆయనకి చెప్పండి."

"సంచుల సంగతి కాదు."

ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన, "అరుగు మీద మాట్లాడుకోండి. వాన జల్లు అక్కడి దాకా రాదు" అని లోపలికెళ్ళారు.

అరుగు మీద ఆమె నిలబడే ఉంది. అతనూ కూర్చోలేదు.

"ఆ జవాబు నాది కాదండి."

"మీ పేరుతోనే వచ్చింది."

"అసిస్టెంట్ రాసింది. నేను ఊళ్ళో లేనప్పుడు నాన్న రాయమన్నాడు. ఆయనకి మీరెవరో తెలీదు."

"అంటే మిషన్‌దీ తప్పే, మీ నాన్నగారిదీ తప్పే. మీది మాత్రం లేదు."

"నాదే" అన్నాడు ఉమాపతి. "మీనుంచి ఏమీ రావట్లేదని రోజూ చూసి బాధపడ్డాను గానీ, ఎందుకు రావట్లేదో వెతకలేదు. వెతికితే నిమిషం పని. భయమేసింది."

"ఏటి భయం?" కోపం వస్తే ఆమె నోట 'ఏమిటి' 'ఏటి' అయిపోతుంది. అది అతనికి కొత్తగా తెలిసింది.

"మీరు కావాలనే ఆపేశారేమోనని. అది తెలియడం కన్నా తెలియకపోవడమే నయమనిపించింది."

వీధిలో ఎవరో పిల్లాడు సైకిల్ మీద బురద చిమ్ముకుంటూ పోయాడు.

"వాతావరణ సమాచారానికి ధన్యవాదాలు అంటే నేనేమనుకోవాలి చెప్పండి" అంది. "రెండ్రోజులు ఆలోచించి అడిగాను కాకినాడ సంగతి. మా ఇంట్లో కూడా అడగలేదు. మిమ్మల్నే అడిగాను. నన్నో లోడు కింద లెక్కేసి పంపేశారనుకున్నాను."

"నేను చూసుంటే వెళ్ళొద్దని రాసేవాణ్ణి."

"రాసేవారా?"

"రాసేవాణ్ణి. దారంతా అదే ఆలోచించాను. అదీ తప్పు జవాబే. ఆ గేటు దాటాలని మీరెప్పట్నుంచో అనుకుంటున్నారు. నేను అడ్డం నిలబడకూడదు." అతను ఊపిరి తీసుకున్నాడు. "వెళ్ళండి. కానీ నేను మిమ్మల్ని ఇష్టపడుతున్నానని తెలిసి వెళ్ళండి. పెళ్ళి చేసుకోవాలని ఉంది. మీ నాన్నగారిని అడగాలని ఉంది. ఇవన్నీ గడిలో పట్టవని బండేసుకుని వచ్చేశాను."

కామేశ్వరి స్తంభానికి ఆనుకుంది. పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో ఉమాపతికి అర్థం కాలేదు.

"కాకినాడలో ఓడల పని. అక్కడ నాకు సరుకు అమ్మేవాళ్ళెవరూ ఉండరు" అంది.

"అంటే?"

"అంటే ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడుకోవచ్చు. అభ్యంతరమా అని అడిగినప్పుడు అదీ మీకు తడుతుందేమో అనుకున్నాను." ఆగి, వేలు చూపిస్తూ అంది: "పోర్టు పనికి అడిగింది మాత్రం నాకోసమే. మీకోసం కాదు. అది గుర్తుపెట్టుకోండి."

"పెట్టుకున్నాను."

"నెంబర్ రాసుకోండి మరి. ఎదురుగా నిలబడి చూస్తారేటి."

సాయంత్రం స్టేషన్‌కి అనంతపద్మనాభం గారే కూతుర్ని తీసుకెళ్ళారు. ఉమాపతిని రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. అతను ప్లాట్‌ఫాం చివర నిలబడ్డాడు. రైలు కదిలాక ఆయన దగ్గరకొచ్చి అన్నారు: "అమ్మాయి చెప్పింది. మా ఇంటి పద్ధతులు వేరు, మీ ఇంటి పద్ధతులు వేరు. అది ఎలాగో సర్దుకోవచ్చేమో. మీకు నిలకడ లేదని మాత్రం నా కళ్ళతో చూశాను. నన్ను ఆలోచించుకోనివ్వండి."

ఆయన ఆలోచన శీతాకాలమంతా సాగింది. ఉమాపతి రోజూ కామేశ్వరితో మాట్లాడేవాడు. ఆమె ఓడల పేర్లు చెప్పేది, రేవులో గాలి చెప్పేది. "మా నాన్నగారు ఏమైనా అన్నారా?" అని అడిగేది చివర్లో. "లేదు" అనేవాడు. ఆయన కాదంటే ఏం చేద్దామన్న మాట ఇద్దరి నోటిదాకా వచ్చేది, ఎవరూ అనేవారు కాదు.

కొట్లో మాత్రం పద్ధతి మారింది. రిమార్క్ వస్తే అది ఎవరికో అసిస్టెంట్ ఆ మనిషికే చూపిస్తుంది. జవాబు ఆ మనిషే రాస్తాడు. అమర్చిన ప్రతి కొట్లోనూ ఉమాపతి అలాగే మార్చాడు.

వేసవి మొదట్లో ఓ రోజు తిరుమలరావు గల్లా దగ్గర ఉండగా కండువా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, "ఉమాపతి గారి కొట్టు ఇదేనా?" అని అడిగాడు.

"ఇదేనండి. ఆడు ఎదరున్న పప్పు మిల్లులో ఉన్నాడు. పిలమంతారా?"

"వద్దండి. నేనే వెళతాను."

అనంతపద్మనాభం గారు రోడ్డు దాటి మిల్లు గుమ్మం దగ్గర ఆగారు. లోపల ఉమాపతి ధనలక్ష్మి గారి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడకి చెవుడు, పైగా పట్టుదల. కోడ్ ఎందుకు, బస్తా అంటే సరిపోదా అని అడిగిందే అడుగుతోంది. అతను చెప్పిందే చెబుతున్నాడు, ప్రతిసారీ కొత్తగా. ఆవిడ ఫోనుతో గట్టిగా మాట్లాడి, అది తప్పుగా వింటే, "మళ్ళీ చెప్పండమ్మా, తొందరేం లేదు" అంటున్నాడు. ఎండ గుమ్మం దాటి స్టూలు దాకా వచ్చింది. అతను కదల్లేదు. గుమ్మంలో మనిషి ఉన్నాడని కూడా చూడలేదు.

ఆయన వెనక్కి వచ్చి తిరుమలరావు ఎదురుగా బేలు మీద కూర్చున్నారు.

"నేను చీపురుపల్లి. కామేశ్వరి నాన్నని."

తిరుమలరావు గబుక్కున లేచి కండువా సర్దుకున్నాడు. "అయ్యో, సెప్పరేటండి మరి. మజ్జిగ తాగుతారా?"

"తాగుతాను."

మజ్జిగ వచ్చింది. ఇద్దరూ తాగారు.

"మేష్టారూ," అన్నాడు తిరుమలరావు చివరికి, "మాకు సంగీతం తెల్దు. మా ఇంట్లో అందరం గట్టిగా మాటాడుతాం. మీ అమ్మాయి ఏదంటే అదే. కాకినాడలో ఉజ్జోగం సేసుకుంతానంతే సేసుకోమనండి. మావోడే ఎల్తాడు అక్కడికి. ఆడి పనికి ఊరితో పన్లేదు. నాకు ఒక్కటే బెంగ. ఆ అడ్డగోలు జవాబు రాయించింది నానే. మీ అమ్మాయి మనసు కష్టపెట్టినాను. అది మనసులో ఎట్టుకుని కాదనకండి."

అనంతపద్మనాభం గారు గ్లాసు కింద పెట్టారు. "మీ అబ్బాయి వస్తే ఒక మాట అడగాలి. ముహూర్తం శ్రావణంలో పెట్టిద్దామా, ముందే పెట్టిద్దామా అని."

ఉమాపతి కొట్లోకి వచ్చేసరికి ఇద్దరూ పంచాంగం వెతుకుతున్నారు.

ఆ సంగతి ఫోన్లో చెప్పొచ్చు. అతను చెప్పలేదు. చీపురుపల్లి వెళ్ళి దొరికిన రైలెక్కాడు. దారంతా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

కాకినాడలో పోర్టు రోడ్డు మీద ఆఫీసు బయట కామేశ్వరి అతని కోసమే నిలబడి ఉంది. సముద్రపు గాలికి జుట్టు మొహం మీద పడుతోంది.

"మీకెలా తెలుసు, వస్తున్నానని?"

"నాన్నగారు ఫోన్ చేశారు. అంతా చెప్పేశారు. మజ్జిగ బాగుందట."

ఉమాపతి నీరుగారిపోయాడు. "అయితే ఇంక నేను చెప్పడానికేముంది."

లారీ ఒకటి హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకి లాగింది. లాగిన చెయ్యి వదల్లేదు.

"నాన్నగారు చెప్పారు సరే," అంది. "నువ్వు చెప్పు. వింటాను."